రక్తమా, పరిసరమా? – ఆంగ్ల నవలలోని సహజవాద, సౌందర్యవాద శైలులు, గుంటూరు–ప్రకాశం మైదాన నవల

వ్యాససంగ్రహం

పందొమ్మిదో శతాబ్ది చివరి రెండు దశాబ్దాలలో ఆంగ్ల నవలలో సహజవాదం, సౌందర్యవాదం అనే రెండు శైలులు బలపడ్డాయి. పాఠ్యపుస్తకాలు వీటిని పరస్పర విరుద్ధాలుగా బోధిస్తాయి. అయితే మనిషిని నిర్ణయించేది పుట్టుకా, పెరిగిన పరిసరమా అనే ప్రశ్న రెండింటికీ ఉమ్మడిది. అదే ప్రశ్న వలసపాలనలో చట్టంగా మారి గుంటూరు జిల్లా తీరంలో స్టువర్టుపురం నివేశంగా రూపుకట్టింది. ఈ నేపథ్యంలో ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’, అడివి బాపిరాజు ‘హిమబిందు’, జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ నవలలను పరిశీలించి, ఈ మైదానం కేంద్రంగా వచ్చిన తెలుగు నవల పరిసరవాదాన్ని స్వీకరించి పుట్టుకవాదాన్ని నిరాకరించిందని నిరూపించటం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సహజవాదం, సౌందర్యవాదం, ఆంగ్ల నవల, మాలపల్లి, హిమబిందు, అంటరాని వసంతం, స్టువర్టుపురం, నేరస్థ జాతుల చట్టం.

1. ఉపోద్ఘాతం

తెలుగు నవలా విమర్శలో పాశ్చాత్య వాదాల పేర్లు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. వాస్తవికవాదం, సహజవాదం, కాల్పనికవాదం, సౌందర్యవాదం అనే మాటలు తరగతి గదిలో తరచు వినిపిస్తాయి. పేదల బతుకును, మురికిని, ఆకలిని చిత్రిస్తే సహజవాదమనీ, అందాన్ని, శిల్పాన్ని, ప్రణయాన్ని చిత్రిస్తే సౌందర్యవాదమనీ విద్యార్థులు గుర్తుపెట్టుకుంటారు. ఈ పద్ధతిలో వాదం పేరు వస్తువుకు తగిలించిన చీటీగా మిగిలిపోతుంది. ఆ వాదం ఏ ప్రశ్నకు సమాధానంగా పుట్టిందో, ఆ ప్రశ్న మన నేలమీద ఏ రూపం తీసుకుందో మరుగున పడుతుంది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానం ఈ పరిశీలనకు అనువైన ప్రదేశం. పత్తి, మిరప పండే ఈ నేలలో పాత సత్తెనపల్లి తాలూకా ఒక్కటే రెండు విధాల ముఖ్యమైనది. ‘మాలపల్లి’ రచయిత ఉన్నవ లక్ష్మీనారాయణ (1877–1958) జన్మించిన వేములూరుపాడు ఆ తాలూకాలోనిదే. ‘హిమబిందు’కు రంగస్థలమైన ధాన్యకటకం, అంటే నేటి అమరావతి పరిసరం కూడా ఆ తాలూకాలోనిదే. ఒకటి కూలివాడల కథ, మరొకటి శాతవాహన రాజధాని కథ. ఈ రెండింటినీ ఒకే ప్రశ్న ఎదుట నిలిపి చదవటం ఇక్కడి ప్రయత్నం. ఆంగ్ల రచయితల నుండి తెలుగు రచయితలు ఏమి గ్రహించారో తేల్చటం కాక, ఒకే చారిత్రక ప్రశ్నను ఇరువురూ ఎలా ఎదుర్కొన్నారో చూడటమే ఈ తులనకు పరిధి.

2. ఆంగ్ల నవలలో రెండు శైలులు

సహజవాదానికి సిద్ధాంతకర్త ఫ్రెంచి నవలాకారుడు ఎమిలీ జోలా. ‘ప్రయోగాత్మక నవల’ (1880) అనే వ్యాసంలో ఆయన వైద్యశాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ పద్ధతిని నవలకు అన్వయించాడు. వంశపారంపర్యం, పరిసరం అనే రెండు శక్తుల మధ్య మనిషిని నిలిపి, అతడు ఎలా ప్రవర్తిస్తాడో గమనించి నమోదు చేయటమే నవలాకారుని పని అని అతని అభిప్రాయం. 1871–1893 మధ్య వెలువడిన ఇరవై నవలల రూగో–మకార్ పరంపర ఒకే వంశంలోని తరాల కథ. వంశాన్ని ఎన్నుకోవటంలోనే అతని సిద్ధాంతం ఇమిడి ఉంది.

సౌందర్యవాదానికి కూడా మూలం ఫ్రాన్సులోనే కనిపిస్తుంది. తెయోఫిల్ గోతియే 1835 నాటి నవలా పీఠికలో కళకు ఉపయోగంతో పనిలేదన్న వాదం బలంగా వినిపించింది. ఇంగ్లండులో వాల్టర్ పేటర్ సాంస్కృతిక పునరుజ్జీవనంపై రాసిన వ్యాస సంపుటి (1873) ఆ ధోరణికి ఆధారగ్రంథమైంది. ఆ గ్రంథపు ముగింపు యువకులను తప్పుదారి పట్టించవచ్చునన్న శంకతో పేటర్ రెండో ముద్రణలో దానిని తొలగించి, 1888లో మార్పులతో తిరిగి చేర్చాడు. ఆయన నవల ‘మారియస్ ది ఎపిక్యూరియన్’ 1885లో వచ్చింది. ఆస్కార్ వైల్డ్ ‘ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే’ 1890లో పత్రికలోను, 1891లో పుస్తకరూపంలోను వెలువడింది.

1885లోనే జార్జ్ మూర్ ‘ఎ మమ్మర్స్ వైఫ్’ వెలువడింది. కుండల పరిశ్రమ ఉన్న హాన్లీ పట్టణంలోని ఒక గృహిణి నాటక బృందంతో వెళ్ళిపోయి, తాగుడుకు బానిసై మరణించే కథ అది. ఆంగ్లంలో జోలా పద్ధతిని బాహాటంగా అనుసరించిన తొలి నవలలలో ఇది ముఖ్యమైనది. మూర్ పారిస్‌లో చిత్రకళ నేర్వబోయి రచయితగా తిరిగివచ్చినవాడు. జోలాకు శిష్యునిగా మొదలైన ఈ రచయితే ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ యంగ్ మ్యాన్’ (1888)లో పేటర్ నవలను ఆరాధనాభావంతో ప్రస్తావించాడు. ఆ తర్వాత ‘ఎస్తర్ వాటర్స్’ (1894)లో ఒక పనిమనిషి జీవితాన్ని చిత్రించాడు. రెండు శైలులూ ఒకే రచయితలో, ఒకే దశాబ్దంలో కలిసి మెలగటం వాటి మధ్య గోడ అంత ఎత్తైనది కాదనడానికి మొదటి ఆధారం.

రెండో ఆధారం ‘డోరియన్ గ్రే’లోనే ఉంది. ఆ నవల సౌందర్యవాదానికి పతాకగా పేరుపొందింది. అయినా హెన్రీ ప్రభువు డోరియన్‌ను తన పరిశీలనకు దొరికిన ఒక ప్రయోగవస్తువుగా భావిస్తాడు. డోరియన్ తన పూర్వీకుల చిత్తరువుల ముందు నిలిచి, వారి రక్తంలోని ఏ దోషం తనలో ప్రవహిస్తున్నదోనని ఆలోచిస్తాడు. ఒక పుస్తకం అతనికి విషంలా ఎక్కుతుంది. వంశం, ప్రభావం, ప్రయోగం అనే ఈ మూడూ జోలా పరిభాషలోనివే. సహజవాది మురికివాడలో అడిగిన ప్రశ్ననే సౌందర్యవాది విలాసమందిరంలో అడిగాడు.

రెండు శైలులూ న్యాయస్థానం మెట్లెక్కాయి. జోలా నవలల ఆంగ్లానువాదాలను ప్రచురించిన హెన్రీ విజెటెలీకి 1888లో 100 పౌండ్ల జరిమానా, 1889లో మూడు నెలల కారాగారశిక్ష పడ్డాయి. 1895లో వైల్డ్ ఎదుర్కొన్న విచారణలో ‘డోరియన్ గ్రే’ వాక్యాలను ప్రతిపక్ష న్యాయవాది సాక్ష్యంగా వినియోగించాడు. నవల మనిషిని పాడుచేస్తుందనే భయమే ఈ రెండు సందర్భాలలోను పనిచేసింది. అంటే పరిసరం మనిషిని నిర్ణయిస్తుందని ఆ నవలలతో పాటు ఆ న్యాయస్థానాలూ నమ్మాయి.

3. జేగో నుండి స్టువర్టుపురం దాకా

ఆంగ్ల సహజవాదం తన మౌలిక ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్న నవల ఆర్థర్ మారిసన్ ‘ఎ చైల్డ్ ఆఫ్ ది జేగో’ (1896). తూర్పు లండన్‌లోని ఓల్డ్ నికోల్ అనే మురికివాడకు అది కల్పితరూపం. డికీ పెరట్ అనే పిల్లవాడు దొంగతనం నుండి బయటపడాలని ప్రయత్నించి, పడలేక, వీధి కొట్లాటలో కత్తిపోటుకు మరణిస్తాడు. ఈ నవలను సమీక్షిస్తూ హెచ్.జి. వెల్స్ ఒక కీలకమైన అభ్యంతరం లేవదీశాడు. జేగో ప్రజలు జాతిరీత్యా మిగతా ఆంగ్లేయుల కంటే భిన్నులు కారనీ, అక్కడిది వారసత్వదోషం కాక అంటురోగం వంటి పరిసరదోషమనీ అతని వాదం. మారిసన్‌కు ఆ వాడను పరిచయం చేసిన మతాచార్యుడు ఫాదర్ జే అభిప్రాయం దీనికి విరుద్ధం. పుట్టు నేరస్థులను సమాజం నుండి వేరుచేసి ప్రత్యేక నివేశాలలో ఉంచాలని ఆయన సూచించాడు.

ఈ వివాదానికి సమాంతరంగా విలియమ్ బూత్ స్థాపించిన ముక్తిఫౌజు పేదరికానికి పరిష్కారం ప్రతిపాదించింది. బూత్ 1890లో ప్రచురించిన ‘ఇన్ డార్కెస్ట్ ఇంగ్లండ్ అండ్ ది వే అవుట్’లో నగర కాలనీ, వ్యవసాయ కాలనీ, విదేశీ కాలనీ అనే మూడంచెల పథకం ఉంది. మనిషిని ఒక చోటు నుండి తీసి మరో చోట నాటితే మారతాడన్నది దాని సారాంశం. బూత్ అల్లుడు ఫ్రెడరిక్ బూత్–టక్కర్ ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగాన్ని వదిలి 1882లో భారతదేశంలో ముక్తిఫౌజు కార్యక్రమం ప్రారంభించినవాడు. 1908లో గోరఖ్‌పూర్‌లో తొలి నేరస్థ జాతుల నివేశం బాధ్యత ముక్తిఫౌజుకు లభించింది. 1913–14 నాటికి గుంటూరు జిల్లా బాపట్ల ప్రాంతంలో అటువంటి నివేశమే స్టువర్టుపురం పేరుతో వెలిసింది. ఆ పేరు మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్టుది.

దీనికి ఆధారం నేరస్థ జాతుల చట్టం. 1871 నాటి చట్టం మద్రాసు రాష్ట్రానికి వర్తించలేదు. 1911 చట్టంతో అది ఇక్కడికి విస్తరించింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్లే నేరస్థుని కొడుకు నేరస్థుడవుతాడన్న వాదం ఈ చట్టాల వెనుక ఉంది. ఇక్కడ ఒక భేదం గమనించాలి. యూరపులో వంశపారంపర్యం అంటే జీవశాస్త్ర సంబంధమైన రక్తం. వలసపాలకుడు దానినే భారతదేశంలో కులవృత్తిగా అర్థం చేసుకున్నాడు. జోలా ఒక కుటుంబానికి ఆపాదించిన దానిని చట్టం ఒక కులానికంతటికీ ఆపాదించింది.

స్టువర్టుపురానికి తరలించబడినవారిలో ఎక్కువమంది ఎరుకలవారు. మీనా రాధాకృష్ణ ‘డిసానర్డ్ బై హిస్టరీ’ (2001) గ్రంథం వీరి పూర్వచరిత్రను వివరించింది. తీరప్రాంతపు ఉప్పును పశువులమీద వేసుకొని లోపలి ఊళ్ళకు చేరవేసి, ధాన్యం తెచ్చుకొనే సంచారవర్తకులు వారు. ప్రభుత్వ ఉప్పు విధానం, రైలుమార్గాలు ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. అడవి చట్టాలు వెదురును, మేతను దూరం చేశాయి. బతుకుదెరువు పోయిన తర్వాత వారి సంచారమే అనుమానానికి కారణమైంది. నివేశంలో ప్రవేశం పుట్టుకను బట్టి జరిగింది. లోపల చేసే సంస్కరణ మాత్రం పరిసరాన్ని మార్చటం ద్వారా జరుగుతుందన్నారు. ఈ రెండు సూత్రాలకు పొత్తు కుదరదు. మనిషిని పరిసరమే నిర్ణయిస్తే అతని పుట్టుకను చూసి బంధించడానికి కారణం లేదు. పుట్టుకే నిర్ణయిస్తే అతన్ని సంస్కరించడానికి ఆస్కారం లేదు. వెల్స్ సమీక్షలో సాహిత్యచర్చగా ఉన్న వైరుధ్యం బాపట్ల పక్కన పిల్లాపాపలతో సహా కొన్ని వందల కుటుంబాలు అనుభవించిన నిత్యజీవితమైంది.

4. ‘మాలపల్లి’: పుట్టుకను నిరాకరించిన పరిసర చిత్రణ

ఉన్నవ లక్ష్మీనారాయణ న్యాయశాస్త్ర అధ్యయనం కోసం 1913లో ఐర్లండు వెళ్ళి డబ్లిన్‌లో చదివి బారిష్టరై తిరిగివచ్చాడు. గుంటూరులో వితంతు వివాహోద్యమంలోను, పల్నాటి పుల్లరి సత్యాగ్రహంలోను పాల్గొన్నాడు. ఆయన కారాగారంలో రాసిన ‘మాలపల్లి’ 1922లో వెలువడింది. ‘సంగవిజయం’ దాని మరో పేరు. స్టువర్టుపురం ఏర్పడి అప్పటికి పదేళ్ళు కాలేదు. ఆ నివేశం ఉన్న జిల్లా నుండే ఈ నవల వచ్చిందన్న విషయాన్ని దృష్టిలో పెట్టుకొని చదివితే కథావిన్యాసం కొత్త వెలుగులో కనిపిస్తుంది.

రామదాసు భక్తుడు, తత్త్వజ్ఞుడు. అతని కుమారులు ఇద్దరు. సంగదాసు కూలీల పక్షాన నిలిచిన సంస్కర్త. వెంకటదాసు ధనికులను దోచి పేదలకు పంచే తక్కెళ్ళ జగ్గడుగా మారతాడు. ఒకే తల్లిదండ్రులు, ఒకే ఇల్లు, ఒకే వాడ. వంశపారంపర్య సిద్ధాంతం సరైనదైతే ఈ ఇద్దరి స్వభావాలూ ఒకే దిక్కుకు మొగ్గాలి. ఒకడు సంస్కర్త, మరొకడు దోపిడీదారు కావటానికి కారణం వారి రక్తంలో లేదు. సంగదాసు హత్య, భూమి కోల్పోవటం, న్యాయస్థానంలో న్యాయం దొరకకపోవటం అనే సంఘటనల వరుసలో ఉంది. ఆ కుటుంబం తర్వాత నేరస్థుల శిబిరం పాలవుతుంది. పాఠకుడు మొదటి నుండి ఎరిగిన సాత్త్వికుడు రామదాసు అక్కడ నేరస్థుని లెక్కలో చేరటమే చట్టంపై నవల చేసిన విమర్శ. ఆ విమర్శకు రచయిత వేరే వ్యాఖ్యానం జోడించనక్కరలేకపోయింది.

నవలలోని ఘర్షణకు కూలి వివాదం కేంద్రం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ధాన్యం ధర పెరిగినప్పుడు కూలి గింజల రూపంలో ఇవ్వాలా, డబ్బు రూపంలో ఇవ్వాలా అన్నది బతుకు సమస్య. గింజలు కొలిచి ఇస్తే ఇల్లు గడుస్తుంది. పాత లెక్కన డబ్బు ఇస్తే గడవదు. సంగదాసు ఈ లెక్కను మాలపల్లి జనానికి తెలియజెప్పటంతో భూస్వామి చౌదరయ్యకు శత్రువయ్యాడు.

ఇక్కడ అమెరికన్ సహజవాద నవల ఒకటి తులనకు వస్తుంది. ఫ్రాంక్ నారిస్ ‘ది ఆక్టోపస్’ (1901) కాలిఫోర్నియా గోధుమ రైతులకూ రైలు కంపెనీకీ మధ్య జరిగిన పోరాట కథ. దానికి 1880 నాటి మసెల్ స్లూ కాల్పులు ఆధారం. రైతులు ఓడిపోతారు. కాని గోధుమ మాత్రం మానవుల మంచిచెడులతో నిమిత్తంలేని ప్రకృతిశక్తిగా ప్రవహిస్తూ పోతుంది. చివరకు ఆ గోధుమ ఓడలో కరవుపీడిత భారతదేశానికి బయలుదేరుతుంది. ఆ దృశ్యంలో భారతీయ మైదానం ఆకలితో చేయిచాచిన మూకగా మాత్రమే కనిపిస్తుంది. ‘మాలపల్లి’లో ఆ మైదానంవాడే ధాన్యం గురించి మాట్లాడతాడు. అతని దృష్టిలో ధాన్యం ప్రకృతిశక్తి కాదు. ఎవరు కొలుస్తున్నారు, ఏ ధరకు కొలుస్తున్నారు అని అడిగి తేల్చుకోవలసిన హక్కు. పరిసరం మనుషులు చేసినదే అయినప్పుడు దానిని మనుషులు మార్చగలరు. ఉన్నవ సహజవాదుల నుండి వేరుపడే స్థానం ఇదే.

శైలిలోను ఈ భేదం స్పష్టం. సహజవాద రచయిత పాత్రలకు దూరంగా నిలిచి నమోదు చేస్తాడు. ఉన్నవ గుంటూరు సీమ వాడుకభాషను పాత్రల నోట యథాతథంగా పలికించినా, ఆ పాత్రలను నమూనాలుగా చూడలేదు. వ్యవసాయ పనులు, కూలి కొలతలు, కోర్టు వ్యవహారాలు ఎంత నిశితంగా వర్ణితమయ్యాయో, రామదాసు తత్త్వచర్చలు, పాటలు అంత విస్తృతంగా చోటుచేసుకున్నాయి. సహజవాదం పేరుతో కొలిస్తే ఈ తత్త్వభాగం నవలకు అతుకులా కనిపిస్తుంది. పరిసరం మనిషిని అణచినా, ఆ మనిషి అంతరంగం పరిసరానికి పూర్తిగా లొంగదన్న విశ్వాసం దృష్ట్యా చూస్తే ఆ భాగమే నవలకు ప్రాణం.

ఈ నవల కూడా నిషేధానికి గురైంది. 1923లో మద్రాసు ప్రభుత్వం దానిపై ఆంక్ష విధించింది. 1928లో మార్పులతో అనుమతి లభించింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పాఠ్యగ్రంథంగా నిర్ణయించిన తర్వాత 1936లో మళ్ళీ అడ్డంకి ఎదురైంది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చిన తర్వాతే అది తొలగింది. విజెటెలీని శిక్షించిన ఆంగ్ల న్యాయస్థానం నవల నీతిని చెడగొడుతుందని భయపడింది. మద్రాసు ప్రభుత్వం కూలివాడు తన పరిసరాన్ని ప్రశ్నిస్తాడని భయపడింది. 

5. ‘హిమబిందు’: శిల్పంలో నుండి తీసిన మనుషులు

అడివి బాపిరాజు (1895–1952) భీమవరం ప్రాంతంవాడు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ ఛటోపాధ్యాయ వద్ద చిత్రకళ నేర్చినవాడు. ఉన్నవ వలెనే సహాయ నిరాకరణోద్యమంలో జైలుకు వెళ్ళినవాడు. ఆయన సాంఘిక నవల ‘నారాయణరావు’ 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో ‘వేయిపడగలు’తో పాటు బహుమతి పంచుకుంది. చారిత్రక నవల ‘హిమబిందు’కు ఆయన గుంటూరు మైదానంలోని ధాన్యకటకాన్ని ఎన్నుకున్నాడు.

ధాన్యకటకపు శిల్పచరిత్ర సౌందర్యవాద చరిత్రతో ఒకచోట కలుస్తుంది. పద్దెనిమిదో శతాబ్ది చివర అమరావతి స్తూపపు రాళ్ళు ఊరి కట్టడాలకు, సున్నానికి పోతున్న దశలో కొలిన్ మెకంజీ వాటిని గమనించాడు. 1816లో వాటిని చిత్రింపజేశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు, అక్కడి నుండి 1859లో లండన్‌కు చేరాయి. 1880 ప్రాంతంలో అవి బ్రిటిష్ మ్యూజియంలో స్థానం పొందాయి. ఇంగ్లండులో సౌందర్యవాదం పరాకాష్ఠకు చేరిన దశాబ్దంలోనే పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన స్త్రీపురుషులు లండన్ గోడలమీద నిలిచారు. చెక్కిన ఊరికి దూరమై, చేసిన చేతుల పేర్లు లేకుండా, కేవలం అందమైన వస్తువులుగా అవి ప్రదర్శితమయ్యాయి. కళను జీవితం నుండి విడదీయటమంటే ఆచరణలో ఏమిటో ఈ తరలింపు చూపుతుంది.

బాపిరాజు ఆ పనికి విరుద్ధమైన పని చేశాడు. శిల్పాలలోని తలపాగాలు, మేఖలలు, రథాలు, వాద్యాలు, నాట్యభంగిమలు మొదలైన వాటిని తిరిగి మనుషులకు తొడిగి ధాన్యకటకపు వీధులలో నడిపించాడు. సుదీర్ఘ సంస్కృత సమాసాలు, చిత్రకారుని రంగుల దృష్టి, ఆభరణాల వర్ణన ఆ శైలి లక్షణాలు. పేటర్ ‘మారియస్’లో రోమన్ యుగాన్ని పునర్నిర్మించిన తీరు దీనికి దగ్గర. రెండు నవలలలోను మతాల సంధికాలమే నేపథ్యం. అక్కడ రోమన్ మతం, క్రైస్తవం, ఇక్కడ వైదికం, బౌద్ధం. అయితే మారియస్ ద్రష్టగా మిగిలిపోతాడు. ‘హిమబిందు’ నాయకుడు సువర్ణశ్రీ శిల్పి కుటుంబంవాడు, తానూ శిల్పి. నాయిక హిమబిందు ధనిక వర్తకుని కుమార్తె. చేతిపని చేసేవాడు కథానాయకుడు కావటం వల్ల అందం ఇక్కడ అనుభోక్త సొత్తుగా కాక, శ్రమించినవాని సృష్టిగా కనిపిస్తుంది.

ఈ నవలలో విషకన్య పాత్ర ప్రస్తుత చర్చకు మరీ ముఖ్యం. రాజకీయ ప్రయోజనం కోసం బాల్యం నుండి విషంతో పెంచబడిన బాలిక ఆమె. ఆమె అందమే ఆయుధం. ఆమె స్పర్శే మృత్యువు. ప్రాచీన భారతీయ కథాసంప్రదాయం నుండి వచ్చిన ఈ పాత్ర వైల్డ్ నవలలోని విషపూరిత సౌందర్యానికి సోదరి వంటిది. అదే సమయంలో జోలా చెప్పిన ప్రయోగానికీ నమూనా. ఒక మనిషి శరీరాన్నే పరిసరం తయారుచేసింది. ఆంగ్ల నవలల తర్కం ప్రకారం ఆమెకు విముక్తి లేదు. డోరియన్ తన చిత్తరువుతో పాటే మరణించాడు. డికీ వీధిలోనే మరణించాడు. బాపిరాజు మాత్రం విషకన్యలో ప్రేమను మేల్కొలిపి, చివరకు ఆమెను విషం నుండి విడిపించాడు. మనిషిని పరిసరం ఎంత లోతుగా మార్చినా తిరిగి మార్చటం సాధ్యమన్న విశ్వాసం ఇక్కడా పనిచేసింది. ‘మాలపల్లి’లో ఆ విశ్వాసం ఆర్థికభాషలో వ్యక్తమైంది. ‘హిమబిందు’లో బౌద్ధకరుణ భాషలో వ్యక్తమైంది.

అయితే ‘హిమబిందు’ పరిమితిని కూడా చెప్పుకోవాలి. శిల్పంలో కనిపించే లోకమే దాని లోకం. రాయి మోసినవారు, పొలం దున్నినవారు అంచులలోనే మిగిలిపోతారు. శిల్పిని నాయకుని చేసిన నవల, శిల్పానికి అన్నం పెట్టిన వాడలోకి అడుగుపెట్టలేదు.

6. ‘అంటరాని వసంతం’: అందం ఎవరిది?

ఆ వాడలోకి ప్రవేశించి, అక్కడి కళనే కథావస్తువుగా చేసిన నవల జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000). రచయిత ప్రకాశం జిల్లాకు చెందినవాడు. ఎన్నెలదిన్ని ఎల్లన్న అంటరాని కుటుంబంలో పుట్టి, ఉరుముల నాగన్న శిక్షణలో కళాకారుడై, పాటలు కట్టి, వీధిభాగోతం ఆడినవాడు. అతని జీవితాన్ని, తర్వాతి తరాలవారి జీవితాలను రూతు జ్ఞాపకాల ద్వారా పాఠకుడు తెలుసుకుంటాడు. కరవు వచ్చి శివయ్య బకింగ్‌హామ్ కాలువ పనికి వెళ్ళటం, అక్కడా కులం అడ్డుపడటం, క్రైస్తవ స్వీకరణ, తర్వాతి ఉద్యమాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి.

తరాల పరంపరను నిర్మాణసూత్రంగా తీసుకోవటంలో ఈ నవల రూగో–మకార్ పద్ధతిని గుర్తుకు తెస్తుంది. కాని ఫలితం తలకిందులు. జోలా వంశవృక్షంలో తరం నుండి తరానికి దిగేది దోషం. ఇక్కడ దిగేది పాట, ఆట, జ్ఞాపకం. వారసత్వం అనే మాటను రక్తం నుండి తప్పించి కళకు అన్వయించటం ఈ నవల సాధించిన విజయం. అందానికి అర్హత లేదని చెప్పబడినవారే అందానికి కర్తలని నిరూపించటంతో, సహజవాదానికి కేటాయించిన వాడలో సౌందర్యప్రశ్న తలెత్తింది. ఈ మార్గానికి కవిత్వంలో పూర్వరంగం వినుకొండకు చెందిన గుర్రం జాషువా (1895–1971). మేఘసందేశ ప్రక్రియను గబ్బిలానికి అప్పగించిన ఆయన ‘గబ్బిలం’ (1941) కావ్యం అంటరానివాని వేదననూ, కావ్యసౌందర్యాన్నీ విడదీయరాని విధంగా కలిపింది.

‘మాలపల్లి’లో సంగదాసు హత్యకూ, 1985 జూలై 17న నాటి ప్రకాశం జిల్లా కారంచేడులో జరిగిన దళితుల హత్యాకాండకూ మధ్య అరవై మూడేళ్ళు గడిచాయి. ‘అంటరాని వసంతం’ ఆ హత్యాకాండ తర్వాతి చైతన్యంలో పుట్టిన నవల. పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టే పద్ధతి చట్టంలో రద్దయినా సమాజంలో రద్దు కాలేదన్నది ఆ చైతన్యానికి మూలం. నేరస్థ జాతుల జాబితా 1952లో రద్దయిన తర్వాత కూడా స్టువర్టుపురం పేరు దొంగతనానికి పర్యాయంగా వాడుకలో, చలనచిత్రాలలో నిలిచిపోవటం దీనికి మరో నిదర్శనం.

2010లో ఈ నవల అల్లాడి ఉమ, ఎం. శ్రీధర్‌ల అనువాదంలో ‘అన్‌టచబుల్ స్ప్రింగ్’గా ఆంగ్లంలోకి వెళ్ళింది. ఒకనాడు లండన్ చర్చల నుండి నివేశాల రూపంలో ఈ మైదానానికి వచ్చిన ప్రశ్నకు, ఈ మైదానం నుండి ఒక సమాధానం ఆంగ్ల పాఠకునికి చేరింది. విశ్వవిద్యాలయాల ఆంగ్లశాఖలలో ‘ఎ చైల్డ్ ఆఫ్ ది జేగో’ పక్కన ‘అన్‌టచబుల్ స్ప్రింగ్’ను పాఠ్యంగా ఉంచితే ఈ సంభాషణ విద్యార్థికి ప్రత్యక్షమవుతుంది.

7. ముగింపు

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి.

1. ఆంగ్ల నవలలో సహజవాదం, సౌందర్యవాదం వస్తువులో భిన్నమైనా ప్రశ్నలో ఏకం. జార్జ్ మూర్ రచనాప్రస్థానం, ‘డోరియన్ గ్రే’లోని వంశ, ప్రయోగ భావనలు ఇందుకు ఆధారాలు.

2. ఆ ప్రశ్న ఇంగ్లండులో సాహిత్యవివాదంగా ఉన్న కాలంలోనే భారతదేశంలో నేరస్థ జాతుల చట్టంగా, గుంటూరు జిల్లాలో స్టువర్టుపురం నివేశంగా అమలైంది. ఇక్కడ రక్తం స్థానాన్ని కులం ఆక్రమించింది.

3. ‘మాలపల్లి’ పరిసర చిత్రణలో సహజవాదానికి సన్నిహితమై, పుట్టుకవాదాన్ని నిరాకరించటంలో దానికి దూరమైంది. ఒకే ఇంటి సోదరుల భిన్నమార్గాలు ఇందుకు కథాగతమైన రుజువు.

4. ‘హిమబిందు’ సౌందర్యవాద శైలిని స్వీకరించి, విషకన్య విముక్తి ద్వారా ఆ వాదంలోని విధివాదాన్ని విడిచిపెట్టింది. కాని శ్రామికలోకం దాని పరిధికి వెలుపల మిగిలింది.

5. ‘అంటరాని వసంతం’ వారసత్వాన్ని కళగా పునర్నిర్వచించి, రెండు శైలులను ఒకే వాడలో కలిపింది.

ఒక తెలుగు నవలను సహజవాదమనో సౌందర్యవాదమనో పేర్కొనే ముందు, మనిషిని మార్చవచ్చునని ఆ నవల నమ్ముతున్నదా లేదా అని అడగటం అవసరం. పుట్టుకను చూసి మనుషులను ముళ్ళకంచె లోపల ఉంచిన నేలమీద ఆ ప్రశ్నను విమర్శకుడు దాటవేయలేడు. గుంటూరు, ప్రకాశం మైదానం కేంద్రంగా సాగిన ఈ మూడు నవలలూ మూడు భిన్నశైలులలో ఆ ప్రశ్నకు ఒకే సమాధానం చెప్పాయి.